ఆపే బెల్లు

గోదావరిఖని,
ఎయిట్ ఇంక్లైన్ కాలనీ,
3 సెప్టెంబర్ 2013

చిరంజీవి జూహీకి,

మీ అంద్రెయ కాక దీవించి రాసేది. ఇక్కడ మేమందరం ప్రభువు కృప వల్ల బాగున్నం. నువ్వు పట్నంల అల్లా దయతోని బాగున్నవని తలుస్త. ఉత్తరమన్నంక మొదాలు గిది రాయాలె కాబట్టి రాసిన. నిజం అడిగితే మేం బాగలేము. ఎందుకు బాగలేమో నీకు ఎరుకే.

ముసలోడు కాయితం మీద రాస్తున్నడేంది, ఫోను లేదా అనుకుంటవేమో. ఫోను ఉన్నది. మెయిల్ గిట్ల పంపుమంటే నేర్పెటోళ్లు కూడ ఉన్నరు. కానీ మెయిల్ పేరెత్తితెనే నేను ఫోను అవతలికి జరుపుతున్న. ఈ కాయితానికి కిందికొసకు బటన్ లేదు బిడ్డా. చదువబుద్ధి కాకుంటే చింపెయ్యి. చింపాల్నన్న ఒకసారి చేతిలకు తీసుకోవాలె గద, గందుకే రాస్తున్న.

మొన్న రంజాన్‌కు వచ్చినవు. మా గోడకు ఆనుకోనున్న ఇంట్లనే ఉన్నవు. ప్రతి ఏడు షీర్ ఖుర్మా గిన్నె నువ్వే పట్టుకొని వచ్చేదానివి, వచ్చి మా మంచం మీదనే కూసోని సగం నువ్వే తినేదానివి. ఈసారి మీ నాయిన తెచ్చిండు. గిన్నె అరుగు మీద పెట్టి, పిల్లకు జరమొచ్చింది అన్నడు. ఇస్మాయిల్‌కు అబద్ధమాడుడు రాదు. బొగ్గుబాయిల నేను టబ్బులను రోప్‌తోని గుంజే హాలర్ మిషన్‌కు డ్రైవర్‌ను, వాడు ఫిట్టరు, ముప్పై ఏండ్లు ఒక్క షిఫ్టుల చేసినం, వాని మొఖం నాకు తెల్వదా. నీకు జరం లేదు. గోడ అవతల నువ్వు మీ అమ్మతోని నవ్వుడు నాకు ఇనపడుతనే ఉన్నది. మొఖం చెల్లక రాలే నువ్వు.

షీర్ ఖుర్మా మాత్రం తిన్న. మీ అమ్మ ఫక్రున్నీసా చెల్లె చేసిన దాని మీద నాకేం కోపం.

డెబోరా నీ గిన్నె ముట్టలే. నాతోని కూడ మాట్లాడ్తలేదు. రెండు నెలలు కావొస్తున్నది. గోలీలు, నీళ్ల గిలాస తెచ్చి స్టూలు మీద పెడతది, పెట్టి వాళ్లమ్మతోని అంటది, ఆయనను ఏసుకొమ్మను అని. సాయమ్మ నాకు చెప్తది, ఏసుకొమ్మంటున్నది అని. ఒక్కటే అర్రల ముగ్గురం ఉంటం, నా బిడ్డ మాట నాకు ఇంకొకల నోట్లకెళ్లి రావాలె. నీకు ఇంత చదువొచ్చు, ఇది ఎట్లుంటదో నువ్వే లెక్కగట్టుకో.

నీకు మీ ఆఫీసు కాడికెళ్లి కనపడ్డది ఒకటి, మాకు ఈ మంచం కాడికెళ్లి కనపడ్డది ఒకటి. నాకు కనపడ్డది రాస్త, ఓపిక చేసుకొని చదువు.

పోయిన సంక్రాంతికి ముందుగాల డెబోరాకు ఫోను చేసి చెప్పింది నువ్వే. వేరే రాష్ట్రంల సర్కారు ఫ్యాక్టరీ దవాఖానల నర్సు కొలువులు పడ్డయి, ఆ భర్తీ పని ఒక కొలువుల వెబ్‌సైట్‌కు ఇచ్చిన్రు, ఆ వెబ్‌సైటోళ్ల మెయిళ్లన్నీ మా ఆఫీసుకెళ్లే పోతయి, నేను చూసుకుంట, నువ్వు ఫికర్ చెయ్యకు అన్నవు. నేను చూసుకుంట అన్న మాట నువ్వు మరిచినవో లేదో గానీ నేను మరువలే. డెబోరాకు అది ఆఖరి ఏడు. వచ్చే ఏడు వయసు దాటుతది. మంచిర్యాలల ప్రైవేటు నర్సింగ్ హోముల ఎంత చేసినా అది ప్రైవేటు కొలువే, డాక్టరు కోపమొచ్చి రేపటికెళ్లి రావద్దంటే రావద్దు. ఇది వస్తే నిలువ నీడ అని పిల్ల రాత్రింబగళ్లు చదివింది. పరీక్ష పాసైంది. పాసైనంక సర్టిఫికెట్ల వెరిఫికేషన్‌కు ఏ తారీఖున, ఏడికి రావాల్నో మెయిల్ పంపుతమన్నరు. మెయిల్ ఒక్కటే, పోస్టుల కాయితం రాదన్నరు.

డెబోరా పనిచేసేకాడ డ్యూటీల ఫోను ఉండనియ్యరు. అందుకని పొద్దున బస్సెక్కే ముందు ఫోను నా మంచం మీద పెట్టిపోయేది. వెరిఫికేషన్ అనే మాటను ఇంగ్లీషుల పెద్ద పెద్ద అక్షరాలతోని రాసి కిటికీ రెక్కకు అంటించింది. నాయినా, ఫోను మోగితే తెరువు, ఈ మాట ఉన్నదా చూడు, ఉంటే ఆస్పత్రి నంబరుకు ఫోను కొట్టు అని నేర్పింది. నేను ఏడో తరగతి దాక చదివినోన్ని, అక్షరం అక్షరం కలుపుకొని చదువుత. నాకు అది భారమనిపియ్యలే. రిటైరైనంక మొట్టమొదటిసారి నాకు మళ్ల డ్యూటీ పడ్డట్టనిపించింది.

ఇగ మోగుడు మొదలైంది. డెబోరా గారూ మీ కోసమే అని ఒకటి. ఇంగ్లీషు మాట్లాడుడు నేర్పుతం, సగం ధరకే అని ఒకటి. మీ బయోడాటా మేం అందంగ రాసిస్తం అని ఒకటి. లోను కావాల్నా అని ఒకటి. అన్నిటి మీద ఒక్కటే పేరు, ఆ వెబ్‌సైట్ పేరు. పైనున్న వరుస కూడ ఒక్కతీరుగనే ఉండేది, మీ దరఖాస్తు గురించి ముఖ్య సమాచారం అని. మోగినప్పుడల్లా నేను లేచి కూసునుడు, అద్దాలు పెట్టుకునుడు, తీరా తెరిస్తే దుకాణం బేరం. నా ఊపిరితిత్తుల్ల బొగ్గుపొడి ఉన్నదని నీకు ఎరుకే, లేచి కూసుంటేనే నాకు ఆయాసం. మంచి ఎండకాలంల, రామగుండం ఎండల, పండుకున్న మనిషిని బేరం చేసేటందుకు లేపుతున్నరు మీరు.

ఒకనాడు విసుగొచ్చింది. ఆ మెయిల్ కింద, అడుగున, చీమ తలకాయంత అక్షరాలతోని, ఇవి రావద్దంటే ఇక్కడ నొక్కండి అని ఉన్నది. నొక్కిన. ఇంకేదో అడిగింది. దాన్ని కూడ నొక్కిన. గంతే.

ఫోను మోగుడు బందైంది. బేరాలు బందైనయి. వెరిఫికేషన్ మెయిల్ కూడ బందైంది.

జూలైల, నస్పూర్ పిల్ల అనసూర్య, డెబోరాతోని కలిసి చదివినామె, బస్సుల కలిసి చెప్పిందట, నువ్వు వెరిఫికేషన్‌కు ఎందుకు రాలేదు, అయిపాయె గద, మా అందరికి ఆర్డర్లు కూడ వచ్చినయి అని. డెబోరా ఆ బస్సు దిగి ఇంటికొచ్చి, చెప్పులు కూడ ఇడువకుండ నీకు ఫోను కొట్టింది. స్పీకర్ పెట్టి కొట్టింది, మీ మాటలు నేను ఇనుకుంటనే ఉన్న. నువ్వు కంప్యూటర్ల చూసి, నీ పేరు ఆపేసినోళ్ల జాబితాల ఉన్నది, ఆపే బటన్ ఎవలో నొక్కిన్రు అన్నవు. డెబోరా నా దిక్కు తిరిగింది. నేనే నొక్కిన బిడ్డా అన్న. అప్పుడు నువ్వు, కాకా, ఏది ఆపుతున్నమో చదువుకొని నొక్కాలె గద, కింద రాసే ఉంటది అన్నవు. చూడు జూహీ, ఆ మాట. కొలువు పోయిన పిల్ల నిలబడి ఉన్నది, తండ్రి తల దించుకొని ఉన్నడు, నీకు ఆ యాళ్ల యాదికొచ్చింది మీ సన్న అక్షరాలు.

తర్వాత రెండొద్దులకు నువ్వు మళ్ల చేసి నాకు పాఠం చెప్పినవు. మెయిళ్లు రెండు తీర్లుంటయి కాకా అన్నవు. ఒకటి పని మెయిల్, మనిషి తనంతట తాను మొదలుపెట్టిన పనికి జవాబు, హాల్ టికెట్టు, తారీఖు, రసీదు, అసొంటియి. ఒకటి బేరం మెయిల్. బేరానికి ఆపే బటన్ పెట్టాలె, పెట్టకుంటే తప్పు. పని మెయిల్‌కు ఆ బటన్ ఉండొద్దు, అది ఆపితే మనిషికే నష్టం. ఇవి రెండు వేరువేరుగ పంపాలె, కానీ ఆ వెబ్‌సైటోళ్లు పని పేరు చెప్తెనే జనం తెరుస్తున్నరని రెండిటిని ఒక్కదాంట్లనే పెట్టుమన్నరు, బటన్ ఒక్కటే పెట్టిన్రు. నొక్కినంక వచ్చే పేజీల రెండు సున్నాలుంటయి, బేరాలు మాత్రమే ఆపు అని ఒకటి, అన్నీ ఆపు అని ఒకటి, అన్నీ ఆపు అనేదానికి ముందుగాలనే టిక్కు పెట్టి ఉంటది. ఇదంత నువ్వు మంచిగ, ఓపికగ చెప్పినవు. నాకు మంచిగనే అర్థమైంది. అర్థమైనంకనే ఎక్కువ మండింది.

ఎందుకంటే నీకు తెలుసు. తెల్వక చేసినోళ్ల మీద నేను ఉత్తరాలు రాయను.

మా బాయిల ఒక కట్టుబాటు ఉండేది, మీ నాయినను అడుగు. మనుషులు ఎక్కే బండికి బొగ్గు టబ్బు తగిలియ్యం. మనుషులు దిగుతున్నరంటే బొగ్గు ఆగాల్సిందే, ఎంత పెద్ద మేనేజరు ఒత్తిడి పెట్టినా ఆగాల్సిందే. ఉత్పత్తి తక్కువైతున్నదని నన్ను ఎందరో తిట్టిన్రు. తిట్టనీ అనుకున్న. నువ్వు మీ సారును ఒక్క మాట అడిగినవా, సారూ ఇండ్ల మనుషులున్నరు, దీనికి బేరం తగిలియ్యొద్దు అని? అడిగిన కాకా, ఇనలే అంటవేమో. ఇనకపోతే నువ్వు డెబోరాకు చెప్పాలె గద, అక్కా, మా మెయిల్‌ను నమ్ముకోకు, వారానికోసారి వెబ్‌సైట్ తెరిచి చూసుకో అని. వెబ్‌సైట్‌ల కూడ తారీఖు పెట్టినం అంటున్నరు మీ వాళ్లు ఇప్పుడు. ముందుగాల మెయిల్ ఒక్కటే అన్నోళ్లు వాళ్లే.

ఇంకోటి కూడ రాస్త. హాలర్ కాడ కూసున్నోనికి కిందికెళ్లి ఒక్క బెల్లు వచ్చిందంటే ఆపాలె. ఎందుకు, ఏంది అని అడుగొద్దు, ముందు బ్రేకు ఎయ్యాలె. కానీ ఆపి ఇంటికి పోము బిడ్డా. లివర్ మీద చెయ్యి పెట్టుకొని కూసుంటం. కింద మనిషికి ఏమైందో, మళ్ల బెల్లు ఎప్పుడు కొడతడో అని చెవులు అక్కడనే పెడతం. మీరు ఒక్క బెల్లు ఇని రోప్ తెంపుకొని పోయిన్రు. ఒక పిల్ల పరీక్ష పాసై తారీఖు కోసం చూస్తున్నది, ఆమెకు తారీఖు పోవుడు బందైంది, ఒక్కలన్న చూసిన్రా? ఒక్కలన్న ఫోను కొట్టిన్రా?

నా తప్పు నేను దాచుకోను. ఫోను మోగుడు బందైనంక నాకు ఫికర్ కావాల్సి ఉండె. కాలే. ఎందుకంటే బెల్లు లేకుండ లివర్ ముట్టొద్దని ముప్పై ఏండ్లు నాకు నేర్పిన్రు. బెల్లు రాలేదంటే కింద పని ఇంకా కాలేదని, నువ్వు కదలొద్దని అర్థం. డెబోరా పొద్దుగూకి వచ్చి, నాయినా ఏమన్న వచ్చిందా అని అడిగేది. రాలే బిడ్డా అనేటోన్ని, ధీమాగ. రాలేదంటే ఇంకా టైమున్నదని అనుకున్న. వేరే ఎవలన్న అయితే ఇన్ని దినాల సంది సప్పుడు లేదేంది అని అడిగేటోళ్లు. నేను బెల్లు కోసం చూసుకుంట కూసున్న. అటు వెరిఫికేషన్ అయిపోయింది.

జూలై ఆఖరుకు తెలంగాణ ఇస్తమని ఢిల్లీల చెప్పిన దినం చౌరస్తల డప్పులు, పటాకులు, గులాలు. సమ్మెల అందరితోని పాటు నేను కూడ ఈ ఊపిరితోనే ధర్నాల కూసున్నోన్ని, నాకు పోయి చూడాల్ననిపించింది. సాయమ్మ రెక్క పట్టుకొని లేపుతున్నది. డెబోరా పోయి కిటికీ మూసింది. ఇగ కొలువులు మస్తుగ వస్తయి, మీ బిడ్డకేం ఫికర్ అని పక్కింటి సారవ్వ గడపల నిలబడి అన్నది. రాష్ట్రం వచ్చేదాక పిల్ల వయసు ఆగుతదా అని నేను అంటే, నువ్వే నొక్కి నువ్వే మాట్లాడ్తున్నవా అన్నట్టు చూసింది. కాలనీల అందరికి ఎరుకే మరి. ముసలోడు ఊకుండక ఫోను కెలికి బిడ్డ నోటికాడి బుక్క పడగొట్టిండని చర్చిల కూడ అంటున్నరు. అననీ. నాకు ఇబ్బంది లేదు.

ఇప్పుడు అసలు సంగతి. డెబోరా మీ వెబ్‌సైటోళ్లకు ఫిర్యాదు పెట్టింది, అది తిరిగి తిరిగి నీ టేబుల్ మీదికొచ్చిందట. నిన్న మీ నాయిన నమాజు నుంచి వస్తూ మా అరుగు మీద కూసోని చెప్పిండు. జూహీ మస్తు బాధపడ్తున్నది, మీ కోసం ఎట్లన్న చెయ్యాల్నని చూస్తున్నది, ఆపే బటన్ ఏ తారీఖున, ఎన్ని గంటలకు నొక్కిన్రో అన్నీ కంప్యూటర్లకెళ్లి తీసి ఈ వారంల డెబోరాకు మెయిల్ పంపుతదట, అది పెట్టుకొని కోర్టుకన్న పోవచ్చట అని సంబురంగ చెప్పిండు.

వద్దు. పంపకు. పోయిన కొలువు తారీఖు తీస్తే వస్తదా? కోర్టులు, కాయితాలు మాకు చాతకావు. నువ్వు మాకు చేసేది ఏమన్న ఉంటే మీ సారు కాడికి పోయి, పని మెయిల్‌ల బేరం కలుపుడు బంద్ చెయ్యుమను, ఇంకొకల ఇంట్ల ఇట్ల కాకుండ చూడు. ఆ తారీఖు మాత్రం తియ్యకు. ఇది నీకు కాక మాట. చిన్నప్పుడు నిన్ను భుజాల మీద ఎక్కించుకొని బాయి గేటు దాక తీస్కపోయిన హక్కుతోని చెప్తున్న.

వచ్చే పండుగకన్న ఇంటికి రా. నేను తిడత, నువ్వు పడు, తర్వాత ఇద్దరం కలిసి తిందం.

ఇట్లు,
నీ మీద కోపం తీరని,
అంద్రెయ కాక

మళ్ల రాసేది: పైన రాసిందంత మడిచి కవర్ల పెట్టి అంటించిన. తర్వాత ఆలోచన చేసిన. నువ్వు మొండిదానివి. కాక వద్దన్నడు గానీ కాక మంచికే చేస్తున్న అనుకొని పంపనే పంపుతవు. అందుకని కవరు చింపి ఇది రాస్తున్న. చదివి చింపెయ్యి. మీ నాయినకు కూడ చెప్పకు. సాయమ్మకు కూడ తెల్వదు.

ఆ తారీఖు నువ్వు తీస్తే మే నెలల పడతది. మే నెలల నేను ఇంట లేను. నీకు యాది ఉండాలె, నాకు ఊపిరాడక కంపెనీ దవాఖానల ఏసిన్రు, నువ్వు కూడ ఫోను చేసి అడిగినవు. మొఖానికి ఆక్సిజన్ మాస్కు, రెండు చేతులకు సూదులు, చేతులు కదలకుండ మంచానికి గుడ్డతోని కట్టిన్రు. డెబోరా సెలవు పెట్టి నా పక్కకే కూసున్నది. మూడొద్దుల సంది కన్ను మూయలే పిల్ల. మాపటాల ఫోను మోగింది. ఎంత ఆశతోని తెరిచిందో నేను చూసిన. ఇంగ్లీషు మాట్లాడుడు, సగం ధర. అప్పుడు కిందికి జరిపి జరిపి, ఒకసారి నొక్కింది, మళ్లొకసారి నొక్కింది, నొక్కి ఫోను నా దిండు కింద పెట్టి, నా కాళ్ల మీద దుప్పటి సర్దింది. ఆమెకు అది యాదికి కూడ లేదు. ఈగను కొట్టినట్టు కొట్టి మరిచింది.

నేను కూడ అప్పుడు ఏమనుకోలే. జూలైల నువ్వు స్పీకర్ల, ఆపే బటన్ ఎవలో నొక్కిన్రు అన్ననాడు నాకు దవాఖాన యాదికొచ్చింది. డెబోరా నా దిక్కు తిరిగేలోపల నేనే అనేసిన.

పై ఉత్తరంల నీకు కూడ అదే అబద్ధం రాసిన. బెల్లు కోసం చూసుకుంట కూసున్న సంగతి మాత్రం నిజం, ఆ తప్పు నాదే, కాబట్టి నేను మొత్తం అబద్ధమాడినట్టు కాదు. దేవుడు ఆ మాత్రం లెక్క చూసుకుంటడు.

నా మీద కోపం చేసుకొని ఆమె డ్యూటీకి పోతున్నది, వస్తున్నది, ఇంత తింటున్నది. తారీఖు చూసిందంటే నాయిన చేతులు కట్టి ఉండె గద అని ఒక్క గడియల తెలుస్తది. రేపు ఎవలికన్న సూది ఇయ్యబోతే ఆ వేలే కనపడ్తది ఆమెకు. ఇగ ఆ పిల్ల ఏడ పనిచేస్తది? మాట్లాడకపోతే ఏమాయె, నా గోలీలు యాళ్లకు పెడుతనే ఉన్నది.

మీరు ఆపొద్దన్నది ఆపిన్రు. నేను ఆపుమనేది ఈ ఒక్క మెయిల్. కిందికెళ్లి మీ కాక ఒక్క బెల్లు కొడుతున్నడు అనుకో. ఎందుకని అడుగకు, ఇంకో బెల్లు కోసం చూడకు. ఆపు బిడ్డా.